మా డిపార్ట్‌మెంట్ గురించి తెలుగులో రెండు పేజీలు రాయమన్నారు... ఏం రాయాలి?

రైలుకట్ట ఫిజియో
శుక్రవారం, రాత్రి 9.42

అందరికీ నమస్కారం. ఇక్కడ రాసి చాలా రోజులైంది. కొత్తవాళ్ల కోసం చెప్తున్నాను: మాది ఒడిశాలోని బరంపురం. ఒక ఆసుపత్రిలో రిహాబిలిటేషన్ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను.

మా తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి సంచిక వేస్తున్నారు. "మీ విభాగంలో పరిశోధన ఎలా పెరిగింది, స్టాఫ్ ఏం సాధించారు, రెండు పేజీలు ఇవ్వండి" అని మా హెచ్‌ఓడీ మేడమ్‌ని అడిగారు. మేడమ్ కటక్ వాళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ రాయడం రాదు. దాంతో ఆ కాగితం తిన్నగా నా టేబుల్ మీదికి వచ్చింది.

ఇంగ్లీషులో వార్షిక నివేదిక ఎలాగూ ఉంది కదా, తెలుగులోకి దించేస్తే సరిపోతుంది అనుకున్నాను. దించాను. ఫలానా జర్నల్లో వ్యాసం, ఫలానా కాన్ఫరెన్స్‌లో పోస్టరు, ఫలానా వారికి ప్రమోషన్. చదివితే నాకే ఆవలింతలొచ్చాయి. మా ఆవిడ చదివి, "ఇంతకీ మీరు రోజంతా అక్కడ ఏం చేస్తారో ఇందులో ఎక్కడుంది?" అంది. పెళ్లయి ఎనిమిదేళ్లయింది, ఇప్పుడడుగుతోంది!

నన్నడిగితే మా పరిశోధన మొదలైంది జర్నల్‌తో కాదు, ఒక లాంగ్ నోట్‌బుక్కుతో. మేడమ్ వచ్చిన కొత్తలో ఒక రూలు పెట్టారు. పక్షవాతంతో ఎవరొచ్చినా సరే, మొదటి రోజు మార్కులు వెయ్యాలి, వెళ్లిపోయే రోజు మళ్లీ వెయ్యాలి. బార్తెల్ స్కేలు అని ఒకటుంది. 1965 నాటిది. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడవడం, మెట్లెక్కడం... ఇలా పది పనులు, మొత్తం నూరు మార్కులు. అప్పటిదాకా మేం "బాగానే ఉన్నాడండీ" అని రాసేవాళ్లం. ఆ మాటని అంకె చెయ్యడం నేర్చుకున్నాం. మా దగ్గర పరిశోధన అనేదానికి అదే పునాది అని నా నమ్మకం.

కానీ నివేదికలో ఆ నోట్‌బుక్కు ఊసే లేదు. మీరైతే ఏం చదవాలనుకుంటారో చెప్పండి. ఇంకో సందేహం కూడా ఉంది. "స్టాఫ్" అంటే ఎక్కడి దాకా?


పర్లాకిమిడి పద్మ
శుక్రవారం, రాత్రి 10.15

తమ్ముడూ, నాకు ముందొక చిన్న సందేహం. రిహాబిలిటేషన్ మెడిసిన్ అంటే ఫిజియోథెరపీయే కదా? మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఫిజియో దగ్గరికి వెళ్లమన్నారు, వెళ్లాం. వేరే డాక్టరు కూడా ఉంటారని ఎవరూ చెప్పలేదు. చెయ్యి ముడుచుకుపోయి గోళ్లు అరచేతిలో గుచ్చుకునేవి. అలాగే ఆరు నెలలు గడిచాక, దానికో ఇంజెక్షన్ ఉందని ఎవరో అన్నారు. నీ రెండు పేజీల్లో ముందు ఈ సంగతి రాయి. మిగతావి తర్వాత.


రైలుకట్ట ఫిజియో
శుక్రవారం, రాత్రి 10.50

అక్కా, ఇది రోజుకి పదిసార్లు అడిగే ప్రశ్నే. ఫిజియో అంటే నేను. వ్యాయామం, నడక, బ్యాలెన్స్ నా పని. రిహాబిలిటేషన్ మెడిసిన్ ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ. ఆ డాక్టర్లని ఫిజియాట్రిస్టులు అంటారు. మీరు చెప్పిన బిగుసుకుపోయిన చేతికి బొటులినమ్ ఇంజెక్షన్ అవసరమా, పట్టీ సరిపోతుందా, మూత్రం సంచి ఎలా ఖాళీ చేయించాలి, పుండు పడకుండా ఏం చెయ్యాలి, ఇవన్నీ చూసేది వాళ్లు. వాళ్ల చుట్టూ మేం ఉంటాం: ఫిజియో, చేతిపనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, మాట నేర్పేవాళ్లు, కృత్రిమ కాళ్లు, కేలిపర్లు (బలం లేని కాలికి కట్టే ఊతపట్టీలు) చేసేవాళ్లు, సోషల్ వర్కరు.

మన దేశంలో ఇది మరీ పాత శాఖేం కాదు. ముంబైలో హాజీ అలీ దగ్గరున్న జాతీయ సంస్థ 1955లో మొదలైంది. మన ఒడిశాలో ఓలట్‌పూర్‌లోని నిర్తార్ అనే పునరావాస సంస్థ 1975లో, కృత్రిమ అవయవాలు చేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో కింద చిన్న యూనిట్‌గా పుట్టింది. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతి మాకు క్లాసులో చెప్పారు. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, నడుం కింది భాగం పనిచెయ్యకుండా పోయింది. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర ఈ శాఖ నేర్చుకొచ్చి, వెల్లూరులో విభాగాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ శాఖ గురించి ఎవరికైనా ఒక్క నిమిషంలో చెప్పాల్సి వస్తే నేను ఆవిడ గురించే చెప్తాను.

అయినా మా సొంత డిపార్ట్‌మెంట్ బోర్డు మీద "ఫిజియోథెరపీ" అనే రాసి ఉంది, ఒడియాలో, ఇంగ్లీషులో. మార్చమని మేడమ్ అడుగుతూనే ఉన్నారు.


మగ్గం గుంట
శనివారం, ఉదయం 6.20

బాబూ, పరిశోధన అంటే నాకూ ఓ అనుభవం ఉంది, చెప్తాను విను. మాది మగ్గాల వీధి. పట్టు జోడు నేస్తాం. గుంట మగ్గం. కాళ్లు గుంటలోకి వేలాడేసి, నడుం వంచి రోజుకి తొమ్మిది పది గంటలు. నడుం నొప్పి లేని మనిషి మా వీధిలో ఉంటే వాడు నేత మానేసినవాడే.

ఒకసారి ఓ కుర్రాడు వచ్చాడు. ఏ కాలేజీయో చెప్పను. చేతిలో ప్రశ్నల కాగితాలు. "కుర్చీలో ఎంతసేపు కూర్చోగలరు?" అన్నాడు. మా ఇంట్లో కుర్చీ ఒకటుంది నాయనా, చుట్టాలొస్తే వాళ్లకి వేస్తాం అన్నాను. "ప్రయాణాల్లో నొప్పి వస్తుందా?" అన్నాడు. నేను ప్రయాణం చేసి రెండేళ్లయింది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. మొగుడూ పెళ్లాల సంగతి. కోడలు పక్కన దారం చుడుతోంది! ఆ పిల్ల లేచి లోపలికి పోయింది. వాడి మొహం ఎర్రబడింది, నాకేమో నవ్వాగలేదు.

గుంటలో ఎంతసేపు కూర్చుంటే తిమ్మిరి ఎక్కుతుంది, నాడెని విసిరే చెయ్యి ఏ పూట లాగుతుంది, లేచి నిలబడడానికి దేన్ని పట్టుకుంటాను... ఇవేవీ అడగలేదు. టిక్కులు పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నా నడుం ఏ పుస్తకంలో అచ్చయిందో, మంచిదని తేలిందో చెడ్డదని తేలిందో, ఇప్పటికీ తెలీదు.


ఛత్రపురం చిన్నోడు
శనివారం, ఉదయం 7.05

బాబాయ్ 😂😂 కోడలు దగ్గర!!


థీసిస్ తిప్పలు
శనివారం, మధ్యాహ్నం 1.30

బాబాయ్‌గారూ, ఆ కుర్రాడి తరఫున నేను క్షమాపణ చెప్తున్నాను. నేను ఇదే శాఖలో పీజీ విద్యార్థిని, రెండో సంవత్సరం. మీరు చెప్పిన ప్రశ్నాపత్రం నాకు బాగా తెలుసు. నడుం నొప్పికి ప్రపంచమంతా వాడేదే, 1980లో ఇంగ్లండులో తయారైంది. అక్కడ అందరూ కుర్చీల్లోనే కూర్చుంటారు కాబట్టి ప్రశ్న అలాగే ఉంది. ఆ మొగుడూ పెళ్లాల ప్రశ్న మన దేశంలో చాలాచోట్ల జనం ఖాళీగా వదిలేస్తారు. తప్పు స్కేలుది కాదు. దాన్ని మన దగ్గరికి తెచ్చేటప్పుడు చెయ్యాల్సిన పని చెయ్యకపోవడమే తప్పు.

ఆ పని ఎలా ఉంటుందంటే: ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. రెండూ కలిపి ఒకటి చేస్తాం. అసలు ఇంగ్లీషు చూడని ఇంకో ఇద్దరు ఆ తెలుగుని తిరిగి ఇంగ్లీషు చేస్తారు. ఎక్కడ తేడా వచ్చిందో కమిటీ కూర్చుని చూస్తుంది. తర్వాత 30-40 మంది రోగులకి ఇచ్చి, ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పిస్తాం. మా దాంట్లో "ఫెటీగ్" అనే మాటకి మొదటాయన "ఆయాసం" అని రాశాడు. తిరిగి ఇంగ్లీషు చేసిన మేడమ్ దాన్ని "ఊపిరి ఆడకపోవడం" చేశారు. మన వైపు ఆయాసం అంటే అదే కదా! చివరికి "నీరసం" దగ్గర ఆగాం. ఈ ఒక్క మాట మీద రెండు గంటలు కొట్టుకున్నాం. ఆ రెండు గంటలూ పరిశోధనే. ఏ నివేదికలోనూ కనపడదు.

ఎథిక్స్ కమిటీ సంగతి కూడా చెప్పాలి. మనుషుల మీద ఏ అధ్యయనం చేసినా దాని అనుమతి కావాలి. అందులో డాక్టర్లే కాకుండా ఒక సామాన్య సభ్యుడు కూడా ఉండి తీరాలి. మా కమిటీలో ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. నా సమ్మతి పత్రంలో "కండరాల సంకోచత్వం" అని ఉంటే ఆయన కళ్లజోడు తీసి, "అమ్మాయ్, దీన్ని మీ అమ్మమ్మకి చదివి వినిపించావా?" అన్నారు. లేదన్నాను. "వినిపించి రా" అన్నారు. నిజంగానే ఊరెళ్లి వినిపించాను. మా అమ్మమ్మ "కాలు కర్రలా బిగుసుకుపోతుందా అని అడగొచ్చు కదే" అంది. అదే పెట్టాను. పాసయ్యింది.


గుణుపురం గోపి
శనివారం, మధ్యాహ్నం 3.12

ఎవరూ ఏమీ అనుకోకపోతే చేదుగా ఓ మాట. ఈ పేపర్లు ఎవరి కోసం? ప్రమోషన్ కోసం. మెడికల్ కాలేజీల్లో పై పోస్టు రావాలంటే పేపర్లు ఉండాలి, పరిశోధన మీద బీసీబీఆర్ అనే ఆన్‌లైన్ కోర్సు పాసవ్వాలి. మా బావ అదే లైన్లో ఉన్నాడు, ఇంట్లో వినేది అదే గోల. "రెండ్రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత కట్టండి" అని రోజూ మెయిళ్లు. కట్టినవాళ్లూ ఉన్నారు. రోగి బస్సు దిగి ఎండలో నిలబడితే డాక్టరుగారు "పేపరు పనిలో ఉన్నారు". "పరిశోధన పెరిగింది" అని రాస్తే నేను మాత్రం నమ్మను. ఎవరికి పెరిగిందో చెప్పు ముందు.


థీసిస్ తిప్పలు
శనివారం, సాయంత్రం 4.40

అన్నా, మీరన్నదాంట్లో అబద్ధం లేదు. డబ్బు తీసుకుని ఏదిస్తే అది వేసే జర్నళ్లు ఉన్నాయి. నాకూ వస్తాయి ఆ మెయిళ్లు, "గౌరవనీయ ప్రొఫెసర్" అని సంబోధిస్తూ. నేనింకా పరీక్షే రాయలేదు.

గుర్తుపట్టడానికి ఒక దారుంది. చికిత్స మీద ప్రయోగం అయితే దాన్ని మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో నమోదు చెయ్యాలి. అది 2007 నుంచి ఉన్న దేశపు రిజిస్టరు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏం కొలుస్తామో, ఎంతమందిని తీసుకుంటామో ముందే చెప్పేస్తాం. తర్వాత మాట మారిస్తే దొరికిపోతాం. మీ బావగారి పేపరు దాంట్లో వెతకండి 🙂


సాకెట్ మాస్టారు
శనివారం, రాత్రి 8.55

నేను ఈ వేదికలో ఎక్కువ రాయను. ఫోన్లో తెలుగు టైపు చెయ్యడం మనవరాలు నేర్పింది. తప్పులుంటే సర్దుకోండి.

ముప్పై ఏళ్లకి పైగా కృత్రిమ కాళ్లు, కేలిపర్లు చేశాను. ఇప్పుడు రిటైరయ్యాను, గురువారాలు మాత్రం వర్క్‌షాప్‌కి వెళ్తాను, చేతులు ఊరుకోవు. "స్టాఫ్ అంటే ఎక్కడి దాకా" అని అడిగావు కదా బాబూ, దానికి చెప్తాను.

జైపూర్ కాలు పేరు వినని వాడు లేడు. 1960ల చివర్లో వచ్చింది. డాక్టర్ పి.కె. సేథీ గారికి 1981లో మెగసెసె అవార్డు వచ్చింది, అర్హులే. కానీ ఆ రబ్బరు పాదాన్ని చేత్తో చేసింది రామచంద్ర శర్మ అనే పనివాడు. మాస్టర్‌జీ అనేవారు. పెద్దగా చదువుకోలేదు. అంతకుముందు వచ్చే విదేశీ పాదం బూటులో పెట్టుకోవడానికి చేసింది. దాంతో గొంతుక్కూర్చోలేం, బాసింపట్టు వెయ్యలేం, వరి మడిలో దిగలేం. ఆయన చేసిన దాంతో చెప్పుల్లేకుండా నడవొచ్చు. డాక్టరుకి శాస్త్రం తెలుసు, పనివాడికి నేల తెలుసు. ఇద్దరూ ఒక గదిలో కూర్చున్నారు కాబట్టి అది పుట్టింది.

నా సంగతి. కాలు తీసేశాక మొదటి నెలల్లో మొండి సన్నబడుతూ ఉంటుంది. వాపు దిగిపోతుంది, కండ తగ్గుతుంది. దాంతో బాగా పట్టిన సాకెట్, అంటే మొండి దూర్చుకునే గిన్నెలాంటి భాగం, వదులవుతుంది. జనం లోపల గుడ్డలు కుక్కుతారు, పుండ్లు పడతాయి, కాలు అటకెక్కించేస్తారు. ఎవరికి ఎన్నో నెలలో వదులయిందో నేను గోడ క్యాలెండరు వెనక రాసుకునేవాణ్ణి, ఊరి పేరుతో సహా. కొండ మీద వాళ్లకి ఒకలా, సముద్రం వైపు వాళ్లకి ఒకలా ఉంటుందని నాకు అనుమానం. ఓ పీజీ అమ్మాయి వచ్చి ఆ క్యాలెండర్లన్నీ ఫొటో తీసుకుంది. థీసిస్ అయింది. చివరి పేజీలో "సహకరించిన వర్క్‌షాప్ సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక లైను. నాకేం బాధ లేదు. లేదనే అనుకుంటున్నాను. కానీ అడిగావు కాబట్టి చెప్పాను.


థీసిస్ తిప్పలు
శనివారం, రాత్రి 9.30

మాస్టారూ నమస్తే. ఆ అమ్మాయిని నేను కాదు, మా సీనియర్ అయ్యుండొచ్చు. కానీ సిగ్గేసింది.

రూలు ప్రకారం పేపరు రచయిత కావాలంటే నాలుగు ఉండాలి: ఆలోచనలోనో, వివరాలు సేకరించడంలోనో గట్టి పాత్ర; రాయడంలోనో దిద్దడంలోనో పాలు; చివరి ప్రతికి ఒప్పుకోవడం; ఏ తప్పు వచ్చినా జవాబు చెప్పే బాధ్యత. మీకు మొదటిది నిండుగా ఉంది. మిగతా మూడూ మీకు ఎవరూ ఇవ్వలేదు. డ్రాఫ్టు మీకు చదివి వినిపిస్తే రెండోదీ వచ్చేది. రూలు పేరు చెప్పి తప్పించుకోవడం మాకు అలవాటైపోయింది.


మోడరేటర్
శనివారం, రాత్రి 9.41

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు పెట్టి ఫిర్యాదులు రాయొద్దని మనవి. ఒక పోస్టు తీసేశాం. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.


సిరొంచ ఒడ్డు
ఆదివారం, ఉదయం 11.10

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, సంతలో గోండి. గోదావరి అవతల కాళేశ్వరం. మీ బాధలు మావీ.

గోపి గారు "పరిశోధన ఎవరికి" అని అడిగారు. మా జిల్లాలోనే జవాబు ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ గడ్చిరోలి దగ్గర శోధగ్రామ్ పెట్టి, ఊళ్లలో ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి ఆరోగ్యదూత్‌లని చేశారు. పుట్టిన బిడ్డని ఇంట్లోనే ఎలా కాపాడాలో వాళ్లకి నేర్పారు. వివరాలు రాసుకున్నదీ ఆ ఊరి ఆడవాళ్లే. 1999లో లాన్సెట్‌లో అచ్చయింది. ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని తేలింది. ఇవాళ దేశమంతా ఆశా కార్యకర్తలు బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్లి చూసేది ఆ దారిలోనే. అంత పెద్ద జర్నల్‌కి ఎక్కిన అంకెలు మట్టి ఇంటి గుమ్మంలో కూర్చుని రాసినవి.

పునరావాసం విషయంలో మా వైపు అలాంటిది ఇంకా నేను చూడలేదు. మా మేనమామ తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు. ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి పక్క మార్చాలని చెప్పిన మనిషి లేడు. పిరుదు మీద పుండు పడింది, ఎముక కనిపించేదాకా వెళ్లింది. పోయాడు. ఆయన్ని చంపింది వెన్నెముక కాదు, పుండు. మీ రెండు పేజీల్లో ఆ ఒక్క ముక్క రాసినా చాలు.


పర్లాకిమిడి పద్మ
ఆదివారం, మధ్యాహ్నం 12.05

చదివి మనసు పాడైపోయింది. అయ్యో.

తమ్ముడూ, నేనింకొకటి చెప్పాలి. మా నాన్నగారు ఒడియా గడగడా మాట్లాడతారు, కచేరీలో పనిచేసిన మనిషి. కానీ చదివింది తెలుగు బడి. ఒడియా అక్షరాలు కూడబలుక్కుంటారు, అంతే. ఆసుపత్రిలో ఒడియా కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. మాట్లాడుతున్నారు కదా, చదవడం కూడా వచ్చనుకున్నారు పాపం. ఆయనకి రాదని చెప్పుకోవడం నామోషీ. పెట్టేశారు. దేనికి పెట్టారో ఇప్పటికీ మాకు తెలీదు. నా కొడుక్కి తలకిందులు: ఒడియా చదువుతాడు, తెలుగు చదవలేడు. ఒక ఇంట్లోనే రెండు కాగితాలు కావాలి. "మీరు ఏ భాష మాట్లాడతారు" అని కాదు, "ఏ భాష చదువుతారు" అని అడగాలి.

కొండ మీద సవరల సంగతి ఇంక చెప్పక్కర్లేదు. మా ఊళ్లోనే కదా గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది. నూరేళ్ల నాడు ఒక పంతులు చేసిన పని ఇవాళ ఆసుపత్రులు చెయ్యలేవా?


థీసిస్ తిప్పలు
ఆదివారం, మధ్యాహ్నం 12.40

అక్కా, "ఏ భాష చదువుతారు" అన్న ప్రశ్న మా ఫారంలో లేదు. సోమవారమే చేరుస్తాను. చదవలేని వాళ్లకి సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండి, అంతా చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలని నియమం ఉంది. చదవలేనని చెప్పనివాళ్లని ఎలా పట్టుకోవాలో నియమంలో లేదు.


రైలుకట్ట ఫిజియో
ఆదివారం, రాత్రి 10.20

డ్యూటీలో ఉండి ఇప్పుడే అన్నీ చదివాను. మాస్టారి పోస్టు రెండుసార్లు చదివాను.

మొన్నటి కాగితం చింపేశాను. కొత్తది ఇలా మొదలుపెట్టాను, చూడండి:

"మా దగ్గర పరిశోధన ఒక నోట్‌బుక్కుతో మొదలైంది. వచ్చిన రోజు మార్కులు, వెళ్లిన రోజు మార్కులు. కొన్నాళ్లకి ఒక సంగతి కనిపించింది: వెళ్లాక ఏమైందో మాకు తెలీదు. పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి నెలలే కీలకం, ఆ నెలల్లోనే మావాళ్లు కనపడకుండా పోతున్నారు. కారణం నొప్పి తగ్గడం కాదు. బస్సు ఛార్జీ, కూడా వచ్చే మనిషి కూలి. దాంతో మా రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ మూడో నెల ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడకి తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చు. మా డాక్టర్లలో ఎవరికీ మూడూ రావు. ఫోన్లో ఆవిడ బార్తెల్ ప్రశ్నలే అడుగుతుంది గానీ ఆవిడ పద్ధతిలో. 'మెట్లెక్కగలవా' అని ఉన్నచోట, మెట్లే లేని ఊరయితే ముందు ఆ సంగతి పక్కన రాసుకుని, 'గట్టు దిగి నీళ్లకెళ్లి వస్తున్నావా' అంటుంది. స్కేలు ప్రకారం అది తప్పు. ఆ జవాబుని మార్కుల్లో కలపకుండా వేరే గడిలో రాసుకుంటున్నాం. ఇప్పుడు మా పీజీలు ఆ గడి మీదే పనిచేస్తున్నారు."

తర్వాత స్టాఫ్ భాగం. ఇందులో మేడమ్, పీజీలు, మేం, వర్క్‌షాప్, రిసెప్షన్ ఆవిడ, స్ట్రెచర్ తోసే ఇద్దరు. రోగిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలో ఆ ఇద్దరికీ శిక్షణ ఇచ్చాక మాకు భుజం జారిన కేసులు బాగా తక్కువ కనపడుతున్నాయి. లెక్క తియ్యలేదు కాబట్టి "తగ్గాయి" అని రాయను. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగకూడదు. ఇంట్లోవాళ్లూ లాగకూడదు. అది మాత్రం పెద్దక్షరాల్లో వేయిస్తాను. పక్క మార్చే సంగతి కూడా. సిరొంచ అన్నా, మీ మేనమామగారి మాట ఊరు పేరు లేకుండా వాడుకోవచ్చా?

కాన్ఫరెన్సులు, పేపర్లు చివర్లో ఒక పేరాలో పెట్టాను. మేడమ్‌కి చదివి ఒడియాలో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా జాతీయ సదస్సు ప్రసంగం ఎక్కడ?" అన్నారు. చివరి పేరాలో ఉందన్నాను. "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" ఏమిటో ఇంకా తేలలేదు, కొంచెం టెన్షన్‌గానే ఉంది.


సిరొంచ ఒడ్డు
ఆదివారం, రాత్రి 10.44

వాడుకోండి. మా అత్తకి ఒక కాపీ పంపండి చాలు.


గుణుపురం గోపి
ఆదివారం, రాత్రి 11.02

ఇదైతే చదువుతాను. "వెళ్లాక ఏమైందో మాకు తెలీదు" అని ఒక ఆసుపత్రి ఒప్పుకోవడం నేను వినలేదు. కానీ సంఘం వాళ్లు అది ఉంచుతారా? "లబ్ధిదారులు", "విశేష కృషి" లేకుండా ఉగాది సంచికేంటి!


మగ్గం గుంట
సోమవారం, ఉదయం 6.05

బాబూ, ఆ మూడు భాషల పిల్లని మా వీధికి ఓసారి పంపు. ఈసారి గుంట పక్కన కూర్చుని అడగమను. నా నడుం చెప్తాను, కోడలు కూడా తన మెడ సంగతి చెప్తానంటోంది.


రైలుకట్ట ఫిజియో
సోమవారం, మధ్యాహ్నం 2.15

పంపిస్తాను బాబాయ్, థీసిస్ అమ్మాయి కూడా వస్తానంది. అనుమతి రావాలి ముందు. తెలుగు మాస్టారి దగ్గర పాసవ్వాలి!

ఇక్కడో చిక్కొచ్చింది. సంఘం సెక్రటరీ ఇప్పుడే ఫోన్ చేశాడు. నగల దుకాణం ప్రకటన వచ్చిందట. మనకి రెండు పేజీలు కాదు, ఒకటే. సాయంత్రంలోగా ఇవ్వాలి. ఏం తీసెయ్యను?


మగ్గం గుంట
సోమవారం, మధ్యాహ్నం 2.20

కాన్ఫరెన్సులు.


పర్లాకిమిడి పద్మ
సోమవారం, మధ్యాహ్నం 2.31

మేడమ్‌గారి ప్రసంగం ఒక లైను ఉంచు తమ్ముడూ. రేపు నువ్వు ఆవిడ కిందే పనిచెయ్యాలి. ఫిజియో వేరు, ఆ డాక్టరు వేరు అనే ముక్క కూడా ఉంచు.


సాకెట్ మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 3.05

నా పేరు పెడితే తీసెయ్యి, జాగా మిగులుతుంది. వర్క్‌షాప్ టైము మాత్రం తియ్యకు. గురువారం పది నుంచి ఒంటిగంట దాకా. సాకెట్ వదులైతే గుడ్డలు కుక్కుకోకుండా రమ్మని రాయి. మొన్నొకాయన బుధవారం వచ్చి, తాళం చూసి వెనక్కెళ్లాడు.